షాలేమ్ రాజు మోచెయ్యి

కాగితం సంచి అడుగు ఊడిపోయింది. డజనుకు పైగా నారింజపళ్లు ఫుట్‌పాత్ దిగి, డెర్రీ రోడ్డుకు అడ్డంగా దొర్లుకుంటూ పోయాయి. రెండింటిని ఇసుక లారీ చిదిమేసింది. మిగతావి చక్రాల మధ్య సందులు వెతుక్కుని అవతలి అంచుకు చేరి ఆగాయి.

సగం ప్రయాణంలో, రెండో బస్సు కోసం నిలబడిన విశ్వేశ్వరరావు గారు చేతిలో మిగిలిన చిరుగుసంచి వంక చూసుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. సర్వే శాఖలో కొండలూ వాగులూ కొలుస్తూ దేశమంతా తిరిగారు. రిటైరయ్యాక కూడా కాలు ఒకచోట నిలవక, ఇప్పుడు మిల్టన్‌లో కూతురు స్పందన ఇంట మకాం పెట్టి, బస్సు పాసు పుచ్చుకుని ఒంటారియోను కొలుస్తున్నారు. ఆ పళ్లు అల్లుడు రేవంత్ బేస్‌బాల్ టీం కోసం కొన్నవి. ఆ మధ్యాహ్నమే మ్యాచ్.

అవతలి స్టాపులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. కుడిచెయ్యి జాకెట్టు జేబులో ఉంది. ఎండాకాలం నడినెత్తిన ఉన్నప్పుడు జాకెట్టేమిటా అనుకునేలోపు అతను వంగి ఒక పండు తీశాడు. జేబులోంచి చెయ్యి బయటికొచ్చింది. రెండు లారీల మధ్య ఖాళీ చూసి విసిరాడు.

పండు నాలుగు లైన్ల రోడ్డు దాటి వచ్చింది. ఎత్తుగా లేచి ఇంద్రధనుస్సులా వంగి రావడం కాదు, దారం పట్టి లాగినట్టు వచ్చింది. విశ్వేశ్వరరావు గారు చేతులు కదపనక్కర్లేకపోయింది, ఛాతీ దగ్గర అరచేతుల్లో కూర్చుంది. వెనకాలే ఇంకోటి. ఆ వెనక మరోటి.

విసరడమంటే ఆయనకు చిన్న విషయం కాదు. నది మొగల్లో జాలర్లు వలను పువ్వులా విప్పడం చూశారు. కడుతున్న గోడకు కట్టిన సారువల మీద నిలబడ్డ మేస్త్రీకి కింది నుంచి కూలీలు ఇటుకలు విసిరి అందించడం గంటల తరబడి చూశారు. ఇటుక మేస్త్రీ చేతికి చేరేసరికి దాని వేగం అయిపోయి ఉంటుంది, అది కూలీ పనితనం. ఈ పళ్లు కూడా అలాగే చేరుతున్నాయి. ఒక్కటీ నలగలేదు.

"చాలు బాబూ, లారీలొస్తున్నాయి," అన్నారు ఆయన, తెలుగులోనే, అలవాటు కొద్దీ.

అతను ఆగాడు. సిగ్నల్ పడ్డాక మిగిలిన రెండు పళ్లూ పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. కుడిచెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

"మీరు దాటేస్తారేమోనని విసిరానండి," అన్నాడు. "షాలేమ్ రాజు అంటారండి. పాలకొల్లు దగ్గర మాది. ఇక్కడ ముసలోళ్ల హోంలో, వంటింట్లో చేస్తాను. మార్నింగ్ షిఫ్ట్ అయిపోయింది, ఇంటికెళ్తున్నా."

ఈలోగా ఫోన్ మోగింది. చెవికి ఆనించుకోవడం ఇష్టం లేదు కాబట్టి విశ్వేశ్వరరావు గారి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది.

"మావయ్యగారూ, ఎక్కడున్నారు?" రేవంత్ కంగారుగా అడిగాడు. "ఒకడు హ్యాండిచ్చాడు. ఎనిమిది మందిమే ఉన్నాం. మూడింటికి తొమ్మిదోవాడు కనపడకపోతే మ్యాచ్ అవతలి టీంకి రాసేస్తారు. ఇది పోతే లీగ్‌లో అట్టడుగు మనమే. మన ప్లేసు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు."

"పిచింగ్ ఎవరు?"

"ఎవరేమిటి, శంకరన్నే."

ఫోన్ పెట్టేశాక విశ్వేశ్వరరావు గారు ఎదుటి మనిషి వంక చూశారు. ఎదుటి మనిషి బస్సు వచ్చే వైపు చూశాడు.

"నాకా టీం తెలుసండి," అన్నాడు. "మిల్టన్ మిర్చీలు. ఆదివారాలు కంచె బయట నిలబడి చూస్తుంటాను."

"ఒక్కసారి కూడా లోపలికి రాలేదేం?"

"అందులో శంకర్ గారు ఉన్నారు కదండి."

మిర్చీల సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. అందరూ క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు. బ్యాటు చేతికిస్తే చాలు, కాళ్ల దగ్గర పడిందా, నెత్తి మీదుగా వచ్చిందా అని చూడరు, కొట్టేస్తారు. కొట్టడంలో ఆ లీగ్‌లో వాళ్లకు సాటి లేదు. కానీ వాళ్లు చేసిన పరుగులు మిగలవు. పైన ట్యాంకు నింపుతూ కింద కుళాయి విప్పి వదిలేసిన ఇల్లు లాంటిది ఆ టీం. పన్నెండు కొట్టి పదిహేను ఇచ్చి వస్తారు. కారణం ఒక్కటే. క్రికెట్‌లో ఎవడు మంచి బౌలరో వాడినే ఇక్కడ పిచర్ని చేశారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే బౌలర్ చెయ్యి నిటారుగా తిరగాలి, బంతి బ్యాట్స్‌మన్ ముందు నేలకు తగలాలి. పిచర్ బంతి నేలకు తగలకూడదు, మోకాలికీ ఛాతీకీ మధ్య నుంచి పోవాలి, మోచెయ్యి వంచి విసరాలి. ఇరవయ్యేళ్లు ఒక పద్ధతిలో తిరిగిన భుజం, దేశం మారినంత మాత్రాన మారుతుందా? సరిగ్గా వెయ్యని బంతులు నాలుగు పడితే అవతలివాడు బ్యాటు కదపకుండానే మొదటి మజిలీకి, అంటే బేస్‌కు, నడిచి వెళ్తాడు. మూడు బేసులూ నిండి ఉన్నప్పుడు అలా నడిపిస్తే అందరూ ఒక్కో బేస్ ముందుకు జరిగి ఊరికే ఒక పరుగు. మిర్చీలు ఆ వేసవంతా ఎదుటివాళ్లను నడిపిస్తూనే ఉన్నారు.

బస్సొచ్చింది. ఇద్దరూ ఎక్కారు. ఎందుకు ఎక్కాడో షాలేమ్ రాజు చెప్పలేదు, ఆయన అడగలేదు. కొంత దూరం పోయాక అతనే మొదలుపెట్టాడు.

"చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డానండి. మోచెయ్యి విరిగింది. నాటు కట్టు కట్టారు, వంకరగా అతుక్కుంది. అప్పట్నించి పూర్తిగా చాపలేను. ఆ చేత్తోనే బౌలింగ్ చేసేవాణ్ణి. స్పీడుగా వేసేవాణ్ణండి. భీమవరంలో జిల్లా సెలెక్షన్‌కి పిలిచారు. నేనూ శంకర్ గారూ ఇద్దరమే మిగిలాం, ఒక్కళ్లనే తీసుకుంటారు. మూడో ఓవర్లో బౌండరీ దగ్గర్నించి ఎవరో 'త్రో, త్రో' అని అరిచారు. లెగ్ అంపైర్ నో బాల్ అన్నాడు. తర్వాత వేసిన ప్రతి బంతికీ నో బాలే. గ్రౌండంతా అదే పాట ఎత్తుకుంది."

"మోచెయ్యి వంకరగా ఉండటం తప్పు కాదయ్యా. బంతి వదిలేటప్పుడు సాగదియ్యడం తప్పు. రూలు అదీ."

"రూలు పుస్తకం ఆ గ్రౌండ్లో ఎవరి దగ్గరుందండి?" షాలేమ్ రాజు నవ్వలేదు. "త్రో రాజు అని పేరు పెట్టారు. టీ కొట్టు దాటాలంటే అదే పిలుపు. మా నాన్న పాస్టర్. ప్రసంగంలో దేవుడి చెయ్యి అన్నప్పుడల్లా వెనక బెంచీల్లో కుర్రాళ్లు కిసుక్కుమనేవాళ్లు. ఆయన ఆ మాట రాకుండా ప్రసంగాలు చెప్పుకోవడం మొదలెట్టారు. అదండీ. నేను బంతి వదిలేశాను. ఊరూ వదిలేశాను. ఇక్కడ ఎవరికీ తెలీదు."

"శంకర్‌కి తప్ప."

"ఆయన నన్నింకా చూళ్లేదు."

విశ్వేశ్వరరావు గారు కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నారు. ఆయనకు తెలిసిన ఒక రేవులో పడవ మీద ఈల వేస్తే కొట్టేవారు, ఆ పక్క రేవులో ఈల వెయ్యకపోతే కళాసీగా పనికిరాడనేవారు. మధ్యలో ఉన్నది ఒక చిన్న కాలువ. ఆ ముక్క చెబుదామనుకుని మానేశారు. పక్కన ఉన్న మనిషి రేవుల గురించి వినే స్థితిలో లేడు.

"దూరంగా నిలబడతానండి," అన్నాడు షాలేమ్ రాజు. "తొమ్మిదోవాడిగా. టోపీ పెట్టుకుంటాను. బంతి వెయ్యమని అడగొద్దని చెప్పండి. ఇందాక పళ్ల సంగతి కూడా చెప్పొద్దు."

ఆయన మాటిచ్చారు.

గ్రౌండు ఊరి పడమటి అంచున ఉంది. వెనక ఎస్కార్ప్‌మెంట్ అనే నిటారు కొండచరియ నీలంగా కనిపిస్తోంది. ఎదుటి జట్టు యాక్టన్ నుంచి వచ్చిన ప్లంబర్లు. మెడలు లావు, మాటలు తక్కువ. రేవంత్ కొత్తమనిషికి ఎవరిదో ఎర్ర జెర్సీ, గ్లవ్ ఇచ్చి, అంపైర్ దగ్గర పేరు రాయించి, ఔట్‌ఫీల్డ్‌లో కుడి మూలకు పంపేశాడు. అక్కడికి బంతి చాలా తక్కువగా వెళ్తుంది. షాలేమ్ రాజు టోపీ కళ్ల మీదికి లాక్కుని, కంచెకు ఆనుకున్నంత దూరాన నిలబడ్డాడు.

మొదటి నాలుగు ఇన్నింగ్స్ మిర్చీలు మిర్చీల్లాగే ఆడారు. బంతి కొట్టినప్పుడల్లా పార్కింగ్‌లో కార్లవాళ్లు తలలు దాచుకున్నారు. పదమూడు పరుగులు చేశారు. శంకర్ కూడా తనకలవాటైనట్టే వేశాడు. మనిషి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, నలభై దాటినా భుజాలు చూడముచ్చటగా ఉంటాయి. జిల్లాకు ఆడానని ఏడాదికి ఒకసారైనా చెప్పకుండా ఉండడు. చెయ్యి గాలిమర రెక్కలా అందంగా తిరిగేది, బంతి పోయి, బ్యాటు పట్టుకున్నవాడి వెనక కూర్చునే క్యాచర్ ముందు దుమ్ములో పడేది.

క్యాచర్ లోహిత్ వరంగల్ నుంచి వచ్చిన స్టూడెంటు. దుమ్ము ఉమ్మేసి, "శంకరన్నా, నేను బంతులు పడ్తున్ననా, ఆలుగడ్డలు ఏర్తున్ననా?" అని అడిగాడు. బెంచీ నవ్వింది. శంకర్ నవ్వలేదు.

ఐదో ఇన్నింగ్స్‌లో ఆ మూలకు బంతి వెళ్లింది. ప్లంబర్ల మనిషి మూడో బేస్ దాటి, పరుగు పూర్తయ్యే హోమ్‌కు పరుగెత్తుతున్నాడు. ఔట్‌ఫీల్డ్ చివరి నుంచి హోమ్‌కు నేరుగా విసరడం ఆ లీగ్‌లో ఎవరూ చెయ్యరు, మధ్యలో ఒకడు అందుకుని ఇంకొకడికి ఇస్తాడు. ఆ మధ్యవాడు చెయ్యి చాపి నిలబడ్డాడు. బంతి అతని నెత్తి మీదుగా, అంతే ఎత్తులో పోయి లోహిత్ గ్లవ్‌లో చప్పుడు చేసింది. పరుగెత్తేవాడు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉన్నాడు.

అంపైర్ ఔటన్నాడు. శంకర్ పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీద నిలబడి, ఔట్‌ఫీల్డ్ వైపు తిరిగి, చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. కంచె బయట మడత కుర్చీలో కూర్చున్న విశ్వేశ్వరరావు గారు అంచుకు జరిగారు. ఒక మనిషిని వీపు మీద తట్టి నీళ్లలోకి దింపినట్టుగా ఉంది ఆయనకు.

ఇన్నింగ్స్ అయి అందరూ బెంచీకి వచ్చారు. శంకర్ నీళ్ల సీసా మూత తిప్పుతూ అన్నాడు: "ఏం రాజూ. ఇక్కడా త్రోనేనా?"

షాలేమ్ రాజు టోపీ తియ్యలేదు. "ఫీల్డింగండి శంకర్ గారూ. ఫీల్డింగ్‌లో త్రో తప్పు కాదు."

"వీణ్ణి ఎరగరు మీరు," అన్నాడు శంకర్ మిగతావాళ్లతో, తేలిగ్గా, జోకు చెబుతున్నట్టు. "మా వైపు పెద్ద ఫేమస్. త్రో రాజు అంటే తెలియనివాడు లేడు. ఓవర్లో ఆరు బంతులు వేస్తే ఆరూ నో బాల్." ఇంకో ఇద్దరు నవ్వారు. వాళ్లూ క్రికెట్ పిల్లలే, ఆ మాటలో ఎంత మురికి ఉందో వాళ్లకూ తెలుసు.

లోహిత్ మాత్రం కాళ్లకు కట్టుకున్న షిన్‌గార్డ్ సర్దుకుంటూ తలెత్తాడు. "గట్లెట్ల తప్పయితదన్నా? ఈ ఆటల అందరు వంచే ఏస్తరు గద."

మాట బెంచీ మీద పడి అక్కడే ఉండిపోయింది. రేవంత్ చూపు షాలేమ్ రాజు చేతి మీదికి పోయింది. అది కెప్టెన్ చూపు.

"అన్నా, ఒక నాలుగు బాల్స్ వేసి చూస్తారా? వార్మప్‌కి."

"ఫీల్డింగనే కదండి పిలిచారు," అన్నాడు షాలేమ్ రాజు. కుడిచెయ్యి ఎడమచేతి గ్లవ్‌లోకి దూర్చేశాడు. రేవంత్ మావగారి వైపు చూశాడు. ఆయన ముఖం తిప్పుకున్నారు. ఇచ్చిన మాట ఆయన తప్పలేదు, కానీ అది నిలవడం ఇప్పుడు ఆయన చేతిలో లేదు.

ఏడోది ఆఖరి ఇన్నింగ్స్. మిర్చీలు పదమూడు, ప్లంబర్లు తొమ్మిది. ముగ్గురిని ఔట్ చేస్తే చాలు.

శంకర్ ఒకణ్ణి ఔట్ చేశాడు. తర్వాత ఇద్దర్ని నడిపించాడు. ఒకడు కొట్టాడు, రెండు పరుగులు వచ్చాయి. ఇంకో ఇద్దర్ని నడిపించాడు. పదమూడు, పదకొండు, బేసులు నిండాయి. శంకర్ కుడిభుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ప్లంబర్లు బెంచీ మీద పిడికిళ్లతో లయగా కొట్టడం మొదలెట్టారు. ఆ చప్పుడు మాటల కన్నా గట్టిగా ఉంది.

ఆ రోజు వచ్చినవాళ్లలో శంకర్ తప్ప పిచింగ్ చేసేవాళ్లు లేరు. రేవంత్ ఔట్‌ఫీల్డ్ దాకా నడిచి వెళ్లాడు. ఏం మాట్లాడాడో ఇవతలికి వినపడలేదు. షాలేమ్ రాజు తల అడ్డంగా తిప్పడం కనిపించింది. ఆ తర్వాత కంచె వంక, తాను వేసవంతా నిలబడి చూసిన చోటి వంక చూడటం కనిపించింది. నడిచొచ్చి మట్టిదిబ్బ ఎక్కాడు. శంకర్ బంతి అతని గ్లవ్‌లో పడేసి, మొదటి బేస్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మొదటి బంతికే విశ్వేశ్వరరావు గారికి అర్థమైంది. చెయ్యి చాచడానికి తంటాలు పడుతున్నాడు ఆ మనిషి. సాగని మోచేతిని సాగదీసి, మర్యాదస్తుడి బౌలింగ్ వేస్తున్నాడు. బంతి లోహిత్ నెత్తి మీదుగా పోయింది. రెండోది నేలకు కొట్టింది. మూడోది, నాలుగోది అంతే. బ్యాటు పట్టుకున్నవాడు నడిచాడు, మూడో బేస్ మీదివాడు తీరిగ్గా హోమ్‌కొచ్చాడు. పదమూడు, పన్నెండు.

లోహిత్ మాస్క్ నెత్తి మీదికి నెట్టుకుని మట్టిదిబ్బ దగ్గరికి పోయాడు. కుర్చీ వదిలి మొదటి బేస్ వైపు కంచె దగ్గరికి చేరిన విశ్వేశ్వరరావు గారికి ఇప్పుడు మాటలు వినపడుతున్నాయి.

"రాజన్నా, నువ్వు నాకు ఏస్తలేవు. గా అన్నకు ఏస్తున్నవ్," అన్నాడు లోహిత్, గడ్డంతో శంకర్‌ను చూపించి.

శంకర్ కూడా వచ్చాడు. కాసేపు నేల మీద బూటుతో గీత గీశాడు. "వంచి వెయ్యి. ఇక్కడ ఎవడూ అడగడు."

"మీరడిగారుగా అప్పుడు," అన్నాడు షాలేమ్ రాజు.

అంపైర్ త్వరగా కానివ్వమన్నాడు. బెంచీ మీద పిడికిళ్లు ఆగలేదు.

"అంపైర్‌కి ముందు కనపళ్లేదు," అన్నాడు శంకర్. గొంతులో వెటకారం పోయింది. "నేను అరిచాకే చూశాడు. ఒక్క సీటుంది, నీ స్పీడు నాకు లేదు. అదీ సంగతి. ఇప్పుడు వెయ్యి."

లోహిత్ ఇద్దరి ముఖాలూ చూసి, మాస్క్ దించుకుని వెనక్కి వెళ్లిపోయాడు.

షాలేమ్ రాజు చాలాసేపు బంతిని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. బంతిని అక్కడే వదిలేసి వెళ్లిపోతాడని విశ్వేశ్వరరావు గారు అనుకున్నారు. పోతే తప్పేమిటి అని కూడా అనుకున్నారు. ఇరవయ్యేళ్ల కిందట ఒక తండ్రి తన ప్రసంగంలోంచి ఒక మాట తీసేసుకున్నాడు. ఆ మాట ధర ఇక్కడ ఈ ప్లంబర్ల ముందు, ఈ మొక్కజొన్న చేల పక్కన, ఇలా రెండు ముక్కల్లో తేలిపోవలసిందేనా?

అప్పుడు చెయ్యి లేచింది. వంగిన మోచెయ్యి ముందు, దాని వెనకాల మణికట్టు. డెర్రీ రోడ్డు దాటిన చెయ్యి అది. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు ముందు వినిపించింది, బ్యాటు ఆ తర్వాత తిరిగింది. స్ట్రైక్. ఇంకోటి. మూడోదానికి ప్లంబరు బ్యాటు ఎత్తనేలేదు. మూడు స్ట్రైకులు, మనిషి ఔట్.

పిడికిళ్లు ఆగాయి. ఇంకొక్కడు మిగిలాడు. వాళ్లలోకెల్లా పెద్దమనిషి, అంతకుముందు రెండుసార్లు బంతిని పార్కింగ్‌లోకి పంపినవాడు. మొదటిది స్ట్రైక్. రెండోదాన్ని వాడు తగిలించాడు, గీత బయట పడింది, అదీ స్ట్రైక్ కిందే లెక్క. తర్వాత రెండు బంతులు బయటికి పోయాయి. అందరూ నిలబడ్డారు. రేవంత్ టోపీ నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు. షాలేమ్ రాజు నుదురు తుడుచుకోలేదు, అటూ ఇటూ చూడలేదు. ఆఖరి బంతి నారింజపండు వచ్చినట్టే వచ్చింది, ఛాతీ కన్నా కొంచెం కింద. పెద్దమనిషి బ్యాటు గాలిని కోసింది.

గ్రౌండు మీద పడ్డారు అందరూ. లోహిత్ మాస్క్ గాల్లోకి విసిరాడు. ముందు ఎవరు మొదలెట్టారో విశ్వేశ్వరరావు గారు చూశారు. శంకరే. నొప్పిపెడుతున్న భుజాన్ని మరిచిపోయి రెండు చేతులూ పైకెత్తి, నిజమైన సంతోషంతో, "త్రో రాజు, త్రో రాజు," అని అరుస్తున్నాడు. నిమిషంలో మిర్చీలందరూ అందుకున్నారు. ప్లంబర్లు కూడా అదేదో గొప్ప బిరుదనుకుని, నోరు తిరగకపోయినా, చప్పట్లు కొడుతూ కలిశారు.

షాలేమ్ రాజు ఆ గుంపు మధ్య నిటారుగా నిలబడ్డాడు. భీమవరంలో కూడా ఇలాగే నిలబడి ఉంటాడు. ఎవరో వీపు తట్టారు, ఎవరో ఎత్తుకోబోయారు. అతను మెల్లిగా వాళ్ల చేతులు విడిపించుకున్నాడు. బెంచీ దగ్గరికి వచ్చి గ్లవ్ పెట్టాడు. ఎర్ర జెర్సీ తీసి, మడత పెట్టి, గ్లవ్ మీద పెట్టాడు. తన జాకెట్టు వేసుకోలేదు, మోచేతి మీద వేసుకున్నాడు, ఎడమ మోచేతి మీద.

గేటు దగ్గర విశ్వేశ్వరరావు గారు ఒక నారింజపండు చాచి పట్టుకుని నిలబడ్డారు. చెప్పవలసిన మాటలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి, జీవితమంతా పోగేసినవి. షాలేమ్ రాజు పండు తీసుకున్నాడు. ఆయన ముఖం చూడకుండా గేటు దాటాడు.

"అన్న ఏడికి వోతున్నడు?" అన్నాడు లోహిత్ వెనక నుంచి. "ఫొటో దిగద్దా?"

"రాజూ," అని పిలిచాడు శంకర్. అరుపు కాదు ఈసారి. "రాజూ, ఒక్కమాట."

అతను బస్సు స్టాపు దాటి పోయాడు. ఆదివారం బస్సు అప్పట్లో రాదు, అతనికి తెలుసు. మొక్కజొన్న చేల పక్క ఫుట్‌పాత్ మీద, ఊరివైపు, తొందరేమీ లేనట్టు నడిచాడు. కుడిచెయ్యి జేబులో లేదు. వంకర మోచెయ్యి వంకరగానే ఊగుతూ, నారింజపండు పట్టుకుని, మలుపు తిరిగేదాకా కనిపించింది.